పెరిగే మొక్కకి రెండంగుళాల వదులు

మా బావ మెడలో టేపు లేకుండా నేను రెండేసార్లు చూశాను. ఒకసారి ఆయనకు కడుపు ఆపరేషన్ జరిగినప్పుడు. అప్పుడు కూడా తనంతట తాను తియ్యలేదు, నర్సు లాక్కోవాల్సి వచ్చింది. రెండోసారి మొన్న మా అక్క ఆఖరి పాఠం చెప్పిన రోజున. ఇదంతా ఆ రోజు గురించే.

బావ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. ఆయన కొట్లో నేను కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను, వచ్చినవాళ్లతో పోట్లాడతాను. ఆ మూడో పని నాకెవరూ అప్పగించలేదు, నేనే నెత్తినేసుకున్నాను. అందుకే బావ నన్ను పేరు పెట్టి పిలవడు, మిరపకాయ అంటాడు.

పిల్లలకి కొలతలు తీసే పద్ధతి చూడాలి ఆయనది. ముందు వయసు అడుగుతాడు. తర్వాత టేపు పెట్టి ఒళ్లంతా కొలుస్తాడు. ఆ తర్వాత ఆ రెండింటినీ పక్కనపెట్టి, తనకి తోచినంత రాసుకుని, పైన రెండంగుళాలు వదులు కలుపుతాడు. “పెరిగే పిల్లలమ్మా!” అంటాడు తల్లులతో. పొద్దున్న మా వీధి బడిలో వరసల్లో చొక్కాలూ లాగులూ మాత్రమే నిలబడి ఉంటాయి. పిల్లలు వాటి లోపల ఎక్కడో ఉంటారు.

ఇంతకీ బావ పొట్టి. తన టేపు ప్రకారం అయిదడుగుల ఒక అంగుళం. ఆ ఒక అంగుళం మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. అక్క ఆయనకంటే తలెత్తు పొడుగు. అక్కని చేసుకుంటానని అడగడానికి ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు, మా నాన్న గుమ్మంలో నిలబడి వీధి ఆ చివరిదాకా చూసి, “బాబూ, పెద్దవాళ్లెవరూ రాలేదా?” అన్నాడు. “నేనే పెద్దవాణ్ణండీ” అన్నాడు బావ. నాన్న అక్కని లోపలికి పిలిచి తలుపేసుకున్నాడు. అయిదు నిమిషాల తర్వాత బయటికొచ్చి సరేనన్నాడు. ఆ అయిదు నిమిషాల్లో అక్క ఏం చెప్పి ఒప్పించిందో తెలుసుకోవాలని నేను ముప్పై ఏళ్లుగా దాని ప్రాణం తోడేస్తున్నాను. చెప్తేనా!

అక్క సైన్సు టీచరు. ఏటా ఏడో తరగతికి కీటకాలను తినే మొక్కల పాఠం చెబుతుంది. గోడకు చార్టు వేలాడదీసి, బెత్తంతో చూపిస్తుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది ముందు బెంచీ పిల్ల ఒకతె లేచి, “టీచర్, మీరు వీటిని చూశారా?” అంది. కొత్త ఉద్యోగం, పిల్లల ముందు బెరుకు. అక్క “ఓ, చూశాను” అనేసింది. ఒకసారి చూశానన్నాక మరుసటి ఏడు చూడలేదనడానికి లేదుగా! పైగా అబద్ధానికి ఎరువు అక్కర్లేదు. పదో ఏటికల్లా అక్క చూసిన ఈగల బోను, అదే ఈగ వాలగానే నోరు మూసేసే మొక్క, అరచెయ్యంత అయింది. ఇరవయ్యో ఏటికి “టప్” మని చప్పుడు చేస్తూ మూసుకోవడం కూడా మొదలెట్టింది.

నెలాఖరుకు అక్క రిటైరవుతుందనగా, ఒకరోజు భోజనాల దగ్గర చెయ్యి ఆపేసి కూర్చుంది.

“ఆ పాఠం ఆఖరి రోజుకి అట్టేపెట్టానే” అంది నాతో. “ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకి అబద్ధం చెప్పాను. ఒక్కసారి, వాటిల్లో ఒక్క మొక్కైనా నిజంగా వాళ్ల ముందు పెట్టి పాఠం చెప్పి వెళ్లాలనుంది. లేకపోతే ఆ గదిలోంచి దొంగలాగా బయటికొచ్చినట్టే.”

అక్క కళ్లల్లో నీళ్లు. నేను పప్పు వడ్డించాను. బావ తలెత్తలేదు. కానీ ఖాళీ కంచంలో చెయ్యి కలుపుతూ కూర్చున్నాడు. మాట చెవిన పడిందని నాకప్పుడే తెలిసింది.

మర్నాడే కొట్లో తలుపు చాటున ఫోను పెట్టుకుని, అక్కకి తెలియకుండా మొక్క తెప్పించడానికి దిగాడు. ఫోనులో బొమ్మ భలే ఉంది. ఎర్రటి నోళ్లు తెరుచుకుని, ఒక్కో నోరూ మనిషి బొటనవేలంత. కింద “మూడంగుళాలు” అని రాసుంది. బావ టేపు మీద మూడంగుళాలు పట్టి చూశాడు. “చాలు మిరపకాయా. చివరి బెంచీవాడికి కూడా కనపడుతుంది.”

నాలుగో రోజు పార్సిలొచ్చింది. అట్టపెట్టె, అందులో కాగితాలు, కాగితాల్లో మూడంగుళాల కుండ. కుండ నిండా నాచు. మొక్క ఏదీ? పెట్టె తిరగేశాం. చివరికి నేను సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దం పెట్టి వెతికితే, నాచు మధ్యలో నా చిటికెనవేలి గోరంత ఆకుపచ్చ కనిపించింది. దాని నోళ్లు నువ్వుగింజంత ఉన్నాయి.

బావ ముఖం కందగడ్డయింది. “కుండ కొలత చెప్పి మొక్క అమ్ముతాడా? నేనెప్పుడన్నా హ్యాంగరు కొలత చెప్పి చొక్కా అమ్మానా?”

నేను ఫోను చేసి నా పద్ధతిలో నాలుగు దులిపాను. అవతలివాడు అంతా విని నింపాదిగా, “మేడం, కింద చిన్న అక్షరాల్లో మొలక అని రాశాం. బొమ్మలో అంత కావాలంటే మూడు నాలుగేళ్లు పెంచుకోవాలి” అన్నాడు.

మూడు నాలుగేళ్లు! అక్క చేతిలో ఉన్నవి పదహారు రోజులు.

ఇక్కడే మా బావ తన దర్జీతనం చూపించాడు. “పెరిగే పిల్ల” అన్నాడు మొక్కని చూసి. “ఇరుకు కుండలో పెడితే ఎక్కడ పెరుగుతుంది?” ఆ గోరంత మొక్కని తీసి బకెట్లో పెట్టాడు. బకెట్ నిండా నల్లమట్టి, పైన రెండు గుప్పిళ్ల ఎరువు, దాని మీద కుళాయి నీళ్లు. బకెట్ మధ్యలో ఆ మొక్క, మా వీధి పిల్లలు ఆయన కుట్టిన చొక్కాల్లో ఉన్నట్టే ఉంది. రోజూ పొద్దున్నే టేపు పెట్టి కొలిచేవాడు. నాలుగో రోజుకి నల్లబడింది. ఆరో రోజుకి కొలవడానికేమీ మిగల్లేదు.

ఆయన బకెట్ ముందు గొంతుక్కూర్చుని, “దానికేం తక్కువ చేశాను?” అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నవ్వే ముందొచ్చింది.

ఆ ఆదివారం ఇద్దరం ఊరి చివర మొక్కలు అమ్మే తోటకి వెళ్లాం. తోటావిడ మోకాళ్లదాకా బురదలో ఉంది. బావ బకెట్ కథ చెప్పగానే ఆవిడ చేతిలో ఉన్న క్యాను కింద పెట్టేసింది.

“ఎరువేశారా? అయ్యో రామ! ఇవి తిండి పురుగుల్లోంచి తెచ్చుకునే మొక్కలండీ, వేళ్లకి బలమైన మట్టి తగిలితే చస్తాయి. కుళాయి నీళ్లు కూడా పడవు, వాన నీళ్లే పొయ్యాలి. సరే, ఇప్పుడేం కావాలి?”

“పెద్దది” అన్నాడు బావ, టేపు విప్పుతూ.

వరసలో ఉన్న మొక్కలన్నీ కొలవడం మొదలెట్టాడు. ఆవిడ నడుం మీద చేతులేసుకుని చూసింది. చివరికి ఒక కూజా మొక్క దగ్గర ఆగాడు. మోచెయ్యంత పొడుగు, ఆకుల చివర్లలో కూజాలు వేలాడుతున్నాయి.

“ఇది. అన్నిటికన్నా పెద్దది ఇదే.”

“పొడుగ్గా ఉంది, పెద్దది కాదు” అందావిడ. “అది ఇంకా పసిది. ముదిరితే మీ తల దాటిపోయే జాతి. పెద్దది కావాలంటే ఇదిగో.” బల్ల చివర నుంచి సీసా మూతంత కుండీ తీసి బావ అరచేతిలో పెట్టింది.

దాంట్లో మొక్క కోటు గుండీ అంత ఉంది, అంతకన్నా ఒక్క పిసరు లేదు. చుట్టూ ఎర్రటి ఆకులు, ఆకుల మీద వెంట్రుకలు, ప్రతి వెంట్రుక చివరా జిగురు చుక్క. మధ్యలోంచి దారప్పోగంత కాడ లేచి ఒక తెల్లపువ్వు పూసింది.

“వేళాకోళమా అమ్మా?” అన్నాడు బావ.

“పువ్వు కనపడట్లేదా? పూసిందంటే ఎదిగిందనే. దీని జాతే అంత, ఇంక పెరగదు. కొనేటప్పుడు ముందు ఏ జాతో అడగాలి. తర్వాత వయసెంత, పూసిందా, బోను పనిచేస్తుందా అని అడగాలి. కొలత చెప్తే అది కుండదా, ఆకుదా, నోటిదా అని నిలదియ్యాలి. ఊరికే టేపు పెట్టి ఏం లాభం? పొట్టిగా ఉన్నంత మాత్రాన పిల్లాడనుకుంటే ఎలాగండీ?”

ఆవిడ మామూలుగానే అంది. నేను మాత్రం నోట్లో కొంగు కుక్కుకున్నాను. బావ చెవులదాకా ఎర్రబడి, నావైపు చూడకుండా ఆ పొడుగు కూజా మొక్కనే ఎత్తుకున్నాడు. “చివరి బెంచీకి కనపడాలి” అన్నాడు మొండిగా. “ఆ కూజాల మూతలు చూసుకున్నారా...” అని ఆవిడ ఏదో అనబోయింది, ఈయన అప్పటికే గేటు దాటేశాడు. నాకు ఒళ్లు మండి, ఆ గుండీ మొక్కని నేను తీసుకున్నాను.

కొట్టు కిటికీలో పెట్టాను. మూడో రోజుకే దానికి ఒక చిన్న దోమ అంటుకుంది. “బావా, రా చూడు!” అని అరిచాను. “నలుసు పడుంటుంది” అన్నాడు, మిషను ఆపకుండా.

అక్క ఆఖరి రోజు రానే వచ్చింది. పొద్దున్న చూస్తే కిటికీలో నా గుండీ మొక్క లేదు! అందరి మీదా అరిచాను. బావ మీద రెట్టింపు అరిచాను. ఆయన కిక్కురుమనకుండా కూజా మొక్కని ఆటో ఎక్కించాడు. గతుకులకి అది ఊగిపోతుంటే, మెడలో టేపు తీసి దాంతో మొక్కని సీటు కమ్మీకి కట్టేశాడు. బడి దగ్గర మొక్కని విప్పి ఎత్తుకుని హడావిడిగా దిగాడు, టేపు ఆటోతో పాటు వెళ్లిపోయింది.

తరగతి గుమ్మంలో మమ్మల్ని చూసి అక్క చేతిలో సుద్దముక్క జారిపోయింది. బావ మొక్కని బల్ల మీద పెట్టి, పెళ్లి ఫొటోలో లాగా పక్కన నిలబడ్డాడు. పిల్లలు హో అని చప్పట్లు కొట్టారు. అక్క ఒక కూజాని పట్టుకుని, “దీని మూత తెరుచుకుని ఉంటుంది, పురుగు లోపలికి...” అని ఆగిపోయింది.

మూత తెరుచుకుని లేదు. ఒక్కదానికీ లేదు. ఆరు కూజాలూ లేతవి, మూతలు గట్టిగా మూసుకునే ఉన్నాయి.

“టీచర్, ఇవి ఎలా తింటాయి?” అన్నాడొకడు. “టీచర్, మీరు చూసినప్పుడు తెరుచుకునే ఉన్నాయా?” అంది ఒక పిల్ల.

అక్క బల్ల అంచు పట్టుకుంది. “లేదమ్మా” అంది. “నేనెప్పుడూ చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా చూశానని అబద్ధం చెప్పాను.”

అప్పుడు బావ గొంతు సవరించుకుని, చొక్కా జేబులోంచి మా కొట్టు గుండీల డబ్బా తీశాడు. మూత తీశాడు. నా మొక్క! రెండో జేబులోంచి నా భూతద్దం తీసి అక్క చేతికిచ్చాడు.

“ఇప్పుడు చూడు” అన్నాడు.

అక్క ముందు పిల్లల్ని పిలిచింది. ముప్పై ఎనిమిది మంది వరస కట్టారు. ఎర్రటి ఆకు మీద కొత్తగా చిక్కిన దోమ ఒకటి కాళ్లు కొట్టుకుంటోంది, జిగురు వెంట్రుకలు దాని మీదికి మెల్లగా వంగుతున్నాయి. చూసినవాడు కేక పెట్టి మళ్లీ వరస చివరికి పరిగెత్తేవాడు. గంట కొట్టారు, ఒక్కడూ కదల్లేదు. అందరూ అయ్యాక అక్క భూతద్దం పెట్టుకుని వంగింది. చాలాసేపు లేవలేదు. లేచేసరికి చెంపలు తడిసిపోయి ఉన్నాయి, నవ్వుతోంది.

“సార్, ఇది ఎన్ని సెంటీమీటర్లు?” అన్నాడు వెనక బెంచీవాడు. “పెద్దయ్యాక ఎంతవుతుంది?”

బావ చెయ్యి మెడ మీదికి వెళ్లింది. అక్కడ టేపు లేదు. ఒక్క క్షణం తడుముకుని చెయ్యి దించేశాడు.

“కొలవక్కర్లేదు బాబూ. ఇది పెద్దదే. పెరిగిందే ఇంత.”

అక్క ఆయనవైపు తిరిగింది. నేను పక్కనే ఉన్నానని మర్చిపోయిందో, ఇక దాచడమెందుకనుకుందో తెలియదు.

“ఆ రోజు లోపల మా నాన్నతో నేను చెప్పింది కూడా ఇదేనండీ” అంది.