ఎడ్డెమంటే తెడ్డెమనే మౌసు

ముప్పై ఎనిమిదేళ్ళు లాంచీ నడిపిన మనిషిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ‘ఇక దీన్ని నడపండి’ అంటే ఏమవుతుంది? ఏమైందో చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వుకోండి గానీ, మా సరంగును మాత్రం తక్కువ అంచనా వెయ్యకండి.

సరంగు అంటే లాంచీలో చుక్కాని పట్టే ఆయన. ఆయనకూ అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. ఇంట్లో భార్య కూడా ‘ఏమండీ సరంగుగారూ’ అనే పిలుస్తుంది. మోకాళ్ళు మొరాయించాక ఆయన్ని ఒడ్డెక్కించి రేవు ఆఫీసులో వేశారు. పనేమిటంటే, తెరమీద ఉండే బుల్లి లాంచీ బొమ్మను మౌసుతో లాగి, వరసగా ఉన్న ఏడు గడుల్లో ఒకదాంట్లో పెట్టడం. ఏ గడిలో పెడితే ఆ నంబరు రేవు మీది పెద్ద బోర్డులో వెలుగుతుంది. వచ్చే లాంచీ అది చూసుకుని అక్కడ ఆగుతుంది. మూడు నెలలు చూస్తామన్నారు. ఆఖరి రోజున పెద్దాఫీసు మేడం వచ్చి పని చూస్తుంది. నచ్చితే కుర్చీ ఆయనది, నచ్చకపోతే ఇంటికే. ఇల్లంటే ఆయనకు ప్రేమే, కానీ ఇంటి కిటికీలోంచి నది కనబడదు. నది కనబడకపోతే నాకు పిచ్చెక్కుతుందని ఆయన అందరికీ బాహాటంగానే చెప్పేవాడు.

మొదటిరోజే వచ్చిపడింది తంటా. చుక్కాని కర్రను కుడికి తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. ఆ చెయ్యి ముప్పై ఎనిమిదేళ్ళుగా అలాగే తోసింది. ఇక్కడేమో మౌసును కుడికి తోస్తే బాణం కుడికే పోతోంది!

“ఇదేం చోద్యం! కుడికి తోస్తే కుడికే పోవడమేమిటి, బుద్ధుందా దీనికి?” అని తిట్టిపోశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

అవతలి ఒడ్డు ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేది ఆయన పెద్దకోడలే. మావగారి చెయ్యి మార్చడం తనవల్ల కాదని తెలుసుకుని, ఆ మహాతల్లి మౌసునే మార్చేసింది. మౌసు మాట కంప్యూటరుకు చేరవేసే డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. దాన్ని ఎక్కించి, అందులో ‘కుడి ఎడమలు తిరగెయ్యి’ అన్నచోట టిక్కు పెట్టింది. అంతే! వారం తిరిగేసరికి ఆ రేవులో సరంగంత చకచకా లాంచీలు సర్దేవాళ్ళు లేరు.

ఆఖరి రోజు రానే వచ్చింది. మేడం పదింటికి వస్తుంది. తొమ్మిదిన్నరకు కంప్యూటరు ‘మౌసు డ్రైవరు కొత్తది వచ్చింది, వేసుకుంటారా?’ అని ఎంతో మర్యాదగా అడిగింది. అడిగినవాళ్ళను కాదనడం సరంగు ఇంటా వంటా లేదు. ‘వేసుకుందాం, దాందేముంది’ అని నొక్కాడు. తెర ఆరింది, వెలిగింది. రెండో గడిలో పెట్టబోయిన లాంచీ వెళ్ళి ఆరో గడిలో కూర్చుంది. నదిలో నిజం లాంచీ కూడా బోర్డు చూసి బుద్ధిగా ఆరుకే తిరిగింది. అక్కడ అప్పటికే ఒకటుంది. ఇక చూడండి, రెండూ పోటీపడి కూతలు!

సరంగు కుర్చీలోంచి లేచాడు. కిటికీలోంచి సగం బయటికి వంగి, “రెండు! రెండులో కట్టరా నాయనా!” అని అరిచాడు. ఆ గొంతుకు బోర్డెందుకు, అవతలి ఒడ్డుకే వినపడుతుంది. లాంచీ దారికొచ్చింది. ఆయన వెంటనే ఫోను తీశాడు.

“అమ్మాయ్, మౌసుకు మతి పోయింది!”

“ఏం నొక్కారు మావయ్యా?”

“నేనా? ఏం నొక్కలేదే.”

“మావయ్యా...”

“ఒక్కటే నొక్కాను.”

కోడలు పడీపడీ నవ్వింది. కొత్త డ్రైవరులో ఆ టిక్కు పెట్టే చోటే లేదట. కొత్తది పీకేసి పాతది ఎక్కించాలట. “మౌసు ముట్టుకోకండి. కీబోర్డుతోనే పోదాం. కింది బాణం నాలుగు!”

“కింది బాణం నాలుగూ అయింది!” లాంచీలో చెప్పిన మాట తిరిగి చెప్పడం సరంగుల అలవాటు.

“ఎంటర్!”

“ఎంటర్ అయింది!”

ఇలా పదిహేను నిమిషాలు. మధ్యలో లాంచీ వస్తే కిటికీ, అరుపు, మళ్ళీ ఫోను. తలప్రాణం తోకకొచ్చింది.

“ఇప్పుడు పాత డ్రైవరు దాచిన ఫోల్డరు కనబడాలి. పేరు చదవండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ‘మావయ్య చెయ్యి.’ ఇంకోసారి చదివాడు.

“అదే మావయ్యా, ఎంటర్ కొట్టండి!”

టిక్కు పడింది. కంప్యూటరు ఆరి వెలిగేసరికి గుమ్మంలో మేడం. వరసగా వచ్చిన అయిదు లాంచీలనూ సరంగు అయిదు గడుల్లో టకటకా పెట్టేశాడు. మేడం మొహం విప్పారింది. “ఏదీ, నన్నొకసారి చూడనివ్వండి” అని కుర్చీలో కూర్చుని మౌసు కదిపింది. కుడికంటే ఎడమ, ఎడమంటే కుడి!

“అయ్యో, ఇది పాడైందండీ! కొత్త మౌసు వేయిస్తాను” అని కలం తీసింది.

ఊరుకుంటే కుర్చీ దక్కినట్టే, కానీ కొత్త డ్రైవరుతో వచ్చే రేపటి మౌసుతో ఆయన ఒక్క లాంచీ కూడా కట్టలేడు.

“మౌసు బాగానే ఉందమ్మా. తిరకాసు నా చేతిలో ఉంది” అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కర్ర, కోడలు, టిక్కు, పొద్దున్న మర్యాదకు పోయి నొక్కిన సంగతి కూడా. చివరికి, “చుక్కాని పట్టుకున్నాననుకోండి. మూడులోకి వెళ్ళాలా? అటు చూడండి, ఇటు తొయ్యండి” అన్నాడు.

మేడం పెదవి బిగించి తోసింది. బొమ్మ వంకరటింకరగా వెళ్ళి మూడులో పడింది. కిటికీ బయట నిజం లాంచీ ఒళ్ళు తిప్పుకుని మూడుకేసి వచ్చింది. “వచ్చేసింది! నేనే తెచ్చాను!” అంటూ పెద్దాఫీసు మేడం చప్పట్లు కొట్టింది. “ఇంకోటేదండీ?”

ఇంకోటి కాదు, నాలుగు కట్టింది. లేస్తూ లేస్తూ కాగితం మీద రాసి సంతకం పెట్టింది: ‘కుర్చీ సరంగుగారిదే. ఈ మౌసును ఎవరూ బాగుచెయ్యకూడదు.’

సరంగు మళ్ళీ ఫోను తీశాడు. “కుర్చీ మనదే తల్లీ!” అన్నాడు. వెంటనే, “ఆ ఫోల్డరు ఇంకోచోట కూడా దాచమ్మా” అన్నాడు.

“ఎప్పుడో నాలుగుచోట్ల దాచాను మావయ్యా.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నదిలో లాంచీ కూత పెట్టింది. మౌసును ఎడమకు తోసి, ఆ లాంచీని కుడి చివర ఏడులో కట్టేశాడు.