వంక గట్టున నాటని పదిహేడు

2025 జూన్ 12, గురువారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. రాత్రి జల్లుకు నేల తడిసింది. అహోబిలం కొండల మీద ఇంకా మబ్బుంది. శిరివెళ్ల దగ్గరి మా ఐదెకరాల ఆయిల్ పామ్ తోట ముందు ట్రాక్టరు ఆగింది. నూనె కంపెనీ ఉద్యోగి పదిహేడు మొక్కలు తెచ్చాడు.

"పెద్దాయనా, కాయితంలో మీకు రెండువందల ఎనభై ఐదు చెట్లు. వంక గట్టున పదిహేడు జాగాలు ఖాళీ. ఆ చెట్లు చచ్చినట్టుండాయి. నాటేసి పోతా."

తరువాత మరో కాయితం చాచాడు. వాగులూ వంకల గట్లపై మొక్కలు నాటబోమని కంపెనీ స్వచ్ఛందంగా ఇచ్చిన మాట అందులో ఉంది. దాని మీదా నా సంతకం కావాలట.

"ఒకే పూట రెండూ ఎట్లప్పా?"

"రెండూ వేరే వేరే ఆఫీసులకు పోతాయి పెద్దాయనా. ఒకదాన్నొకటి చూసుకోవు."

తప్పుకు మూలం నేనే. ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో లెక్కలు చెప్పినవాణ్ని, నాటిన ఏడాది దరఖాస్తులో ఎకరాకు యాభై ఏడు చొప్పున గుణించి రాశాను, నడిచి లెక్కించలేదు. గట్టున మాత్రం గుంతలు తీయనివ్వలేదు; ఆ పదిహేడూ అసలు నాటనేలేదు. మా నాయన అక్కడి కానుగ చెట్లు కొట్టించిన ఏడాది గట్టు కోసుకుపోయి వంక పొలంలోకి పదకొండు అడుగులు జరిగింది. కొలతతాడు రెండో కొస పట్టుకున్నది నేను.

"తక్కువ రాయాలంటే చెట్టు చెట్టూ చూడాల. ఎవరు తిరుగుతారు?" అన్నాడు ఉద్యోగి.

"నేను తిరుగుతా. నువ్వూ రా."

లెక్క తప్పకుండా ప్రతి చెట్టు మొదలుకూ సున్నపు వేలిముద్ర వేస్తూ నడిచాను. పక్క పొలం రైతు గట్టు మీద నిలబడి నవ్వాడు.

"ఏందన్నా, చెట్లకు బొట్లు పెడతాండావ్? పెండ్లా?"

"పెండ్లి కాదప్పా, సాక్ష్యం."

"ఆయప్పతో ఎందుకు కొట్లాట? పదిహేడు మొక్కలు ఊరికే ఇస్తాంటే!"

"వంక ఊరికే ఇయ్యదు."

తొమ్మిది గంటల నలభై నిమిషాలకు చివరి వరుస ముగిసింది. ఒక్క చెట్టూ చావలేదు. మొదటి కాయితంలో నా పాత అంకెను నేనే కొట్టివేసి, పక్కన కొత్తది రాసి తేదీతో సంతకం చేశాను. ఉద్యోగి చేతా చేయించాను. ఆ తరువాతే రెండో కాయితం మీద సంతకం పెట్టాను. మొక్కలు ట్రాక్టరులోనే తిరిగి వెళ్లాయి.

తోటలో ఆయిల్ పామ్ చెట్లు రెండువందల అరవై ఎనిమిది. వంక గట్టున సున్న.