సెటిల్‌మెంట్ అన్న మాట

మా అప్ప, నా తోడబుట్టిన అక్క, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే క్వార్టర్ల పేటలోనే పుట్టింది, అక్కడే కాపురం చేసింది, మొగుణ్ణి అక్కడే పోగొట్టుకుంది. పోయినేడు ఆమె కొడుకు వర్క్‌షాపులో రిటైరయ్యాడు. ఇక క్వార్టర్ వదలాలి. నిమ్‌పురా అవతల రెండు గదులు అద్దెకు తీసుకుని సామాను తరలించాడు. అప్ప మాత్రం మంచం మీద నుంచి లేవనంది. వాడు సైకిలేసుకుని ట్రాఫిక్ అనే పేటలో ఉన్న మా ఇంటికొచ్చాడు.

"పిన్నీ, అమ్మకి నువ్వే సెప్పాల. రేపు తాళం ఇవ్వకపోతే పోలీసులొచ్చి బయట పెడతారు."

అప్ప మొండితనానికి కారణం ఒక మాట. కరువులో మా తాతని శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాల్‌కి తీసుకొచ్చిన కూలీల మేస్త్రీ, రైలు కంపెనీవాళ్లు అక్కడ సెటిల్ చేస్తారని చెప్పాడట. వచ్చి చూస్తే పేటకి పెట్టిన పేరూ అదే. ఇల్లు మనకే రాసిచ్చారని తాత అనుకున్నాడు. నాన్న నమ్మాడు, మేమూ నమ్మాం. మా పుట్టింట్లో ఎవరికీ చదువు లేదు. అరవై దాటాక నాకు కోడలు అక్షరాలు నేర్పింది. ఆమె బళ్లో చెప్పే చరిత్ర పుస్తకం కూడబలుక్కుని చదివాకే నాకీ సంగతి తెలిసింది.

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"అప్పా, దొరలు మనల్ని సెటిల్ సెయ్యడానికి రాలేదు. ఆళ్ల దేశంలో మిల్లులు లేచినాయి. ఆటికి పత్తి కావాల. నేసిన గుడ్డ అమ్ముకోడానికి మన బజార్లు కావాల. మన బొగ్గు, మన ఇనపరాయి రేవుకి చేరాల. ఎక్కడైనా జనం తిరగబడితే సిపాయిలు తెల్లారేసరికి అక్కడుండాల. అందుకే పట్టాలేసినారు. బళ్లు బాగుసెయ్యడానికి వర్క్‌షాపు, అందులో సెయ్యడానికి మన తాత."

"మరి ఇల్లెందుకు కట్టినారు?"

"సైరన్ కొడితే పరిగెత్తుకెళ్లాల గదా. పాలు పిండుకోడానికి గొడ్డుని తెచ్చుకున్నోడు గొడ్లసాల దాని పేర రాస్తాడేటి?"

"నన్ను గొడ్డంటావేటే?"

"నన్నూ అనుకున్నాను."

అప్ప నవ్వలేదు.

"దొరలు ఎలిపోయినారు గదే. మరి ఈ ఖాళీ సెయ్యమన్న కాయితం ఎవులంపినారు?"

"మనోళ్లే."

"మనోళ్లకి తాత సంగతి తెలీదేటి?"

"తెలిసినా ఇంతే. పనున్నన్నాళ్లే ఇల్లు. దొరలు పెట్టిన పద్ధతి మనోళ్లకీ బాగానే ఉంది."

ఆమె లేచింది. మంచం గుమ్మంలో పట్టలేదు. లోపలే చేయించిన మంచం, ఎన్నడూ బయటికి తియ్యలేదు. కొడుకు దాని కోళ్లు ఊడగొట్టి మోశాడు. ఈలోగా అప్ప రెండు గదులూ ఊడ్చి, పొయ్యి అలికి, కొళాయి దగ్గరి పాచి గీకేసింది.

మర్నాడు తాళానికొచ్చిన గుమాస్తా బెంగాలీ కుర్రాడు. "మాషీమా" అంటూ, పిన్నమ్మని పిలిచినట్టు, మర్యాదగానే మాట్లాడాడు. మా తరవాత ఎవులొస్తారు బాబూ అని అప్ప వాళ్ల భాషలోనే అడిగింది.

ఎవరూ రారన్నాడు. ఈ వరస మొత్తం పడగొట్టేస్తారట.

ఆ ముక్క ముందే తెలిసుంటే అప్పకి ఊడ్చే పనైనా తప్పేది.