మిరపాకుల బంక, కంపెనీ పొగ

చిట్కుల్ ఊర్ల మా డాబా మీది మిరపచెట్ల ఆకులు వారం సంది చేతికి బంకలెక్క అంటుకుంటున్నయి. ఊరి పక్క కంపెనీల పొగే పడ్డదనుకొని రోజూ కడిగిన. కాలనీ గ్రూపుల ఫోటో పెట్టి కంపెనీలోళ్లను తిట్టిన గూడ. అందరు "మా ఇంట్ల గూడ గట్లనే" అన్నరు.

ఇయ్యాల పక్కింటి లక్ష్మమ్మత్త బట్టలు ఆరేయనీకి వచ్చి ఒక ఆకును తిప్పింది. అడుగున సన్నటి పచ్చ పురుగులు కుప్పలుగా ఉన్నయి.

"ఇది పేనుబంక బిడ్డా. ఇవి ఇడిసే తీపినీళ్లే కింది ఆకుల మీద పడుతయి. సూడు, చీమలెట్ల ఎక్కుతున్నయో. పొగకు చీమలొస్తయా?"

పొద్దుగూకంగ ఆకుల అడుగున సబ్బునీళ్లు కొట్టిన. గ్రూపుల తిట్టింది తీసేద్దామంటే మాత్రం మనసొస్తలేదు, పొగైతే ఉన్నదే గద! "మా ఇంట్ల గూడ" అన్నోళ్లు, జెర మీ ఆకులు తిప్పి ఏం కనబడ్డదో చెప్పుండ్రి.