పెద్దమ్మ ఎందుకు నిలబడింది

మా పెద్దమ్మకు నవ్వు ఆపుకోవడం చేతకాదు. నాలుగో కాన్పు తర్వాత మూత్రం ఆపుకోవడమూ చేతకాలేదు. ఎవరైనా హాస్యమాడితే చాలు, "నోళ్లు ముయ్యండి, నా చీర తడుపుతారు" అంటూ లేచిపోయేది. చివరికి చర్చికి రావడం కూడా మానేసింది. చాప తడిస్తే అది ఎవరి పనో పక్కవాళ్లకు తెలిసిపోతుందని భయం.

అరవై ఏళ్లు దాటిన కొత్తలో నెల్లూరులో ఆపరేషన్ చేయించుకుంది. కారడం ఆగిపోయింది. పెరట్లో దండెం మీద ఎప్పుడూ సముద్రపు గాలికి ఆరుతుండే పాతగుడ్డలన్నీ తీసేసింది. కానీ పొత్తికడుపు కింద, ఎముక దగ్గర, నొప్పి మొదలైంది. నెలలు గడిచినా పోలేదు. నడిస్తే ఎలాగో ఓర్చుకునేది. కూర్చుంటే మాత్రం కళ్లలో నీళ్లు తిరిగేవి. డాక్టరమ్మ మళ్లీ చూసి, కుట్లు చక్కగా మానాయని సంతోషించింది.

"కుట్లకేం, బాగుండాయి. నేనే బాగలేను," అంది పెద్దమ్మ తిరుగు బస్సులో, సీటున్నా నిలబడి.

అయినా ఒక ఆదివారం మాతో చర్చికి బయలుదేరింది. ఇన్నాళ్లకు మళ్లీ అందరితో కలిసి పాడాలని ఆమె కోరిక. పాటలకు అందరం నిలబడ్డాం. పాటలయ్యాక చాపల మీద కూర్చున్నాం. ఆమె కూర్చోలేదు.

మా చర్చిలో పాటల తర్వాత ఒక్కరే నిలబడి ఉన్నారంటే సాక్ష్యం చెప్పబోతున్నారని అర్థం. దేవుడు తమకు చేసిన మేలు అందరికీ వినిపిస్తారు. పాస్టరు అయ్యగారు తెరిచిన బైబిలు మూసి, "చెప్పమ్మా" అన్నారు.

"ఏం లేదయ్యగారూ. మీరు కానీండి."

"సిగ్గుపడబాకమ్మా. ప్రభువు నిన్ను స్వస్థపరిచినాడు గదా."

నా పక్కనున్న మా అమ్మ ఆమె కొంగు లాగింది. "చెప్పక్కా, పొయ్యి మీద పులుసు పెట్టొచ్చినా."

పెద్దమ్మ ఇరుక్కుపోయింది. బాగైపోయిందంటే చర్చిలో అబద్ధమాడినట్టు. బాగవలేదంటే, ఆమె కోసం ప్రార్థన చేసినవాళ్లంతా ఎదురుగానే ఉన్నారు.

"అయ్యగారూ," అంది చివరికి, "దేవుడు నీళ్లు ఆపినాడు. ఆయనకు స్తోత్రం. నొప్పి మాత్రం ఆపలా. కూర్చుంటే ప్రాణం పోతా ఉండాది. అందుకని నిలబడినా, సాక్ష్యానికి కాదు. ఆయన మిగతా పని చేసినాక చెప్తాలే. అందాకా నన్ను నిలబడనీండి."

ముందుగా అయ్యగారి భార్యకు నవ్వొచ్చింది. ఆడవాళ్ల వైపంతా పాకింది. అందరికన్నా గట్టిగా పెద్దమ్మే నవ్వింది, గోడ పట్టుకుని, బయటికి పరుగెత్తకుండా.

అప్పటి నుంచి కిటికీ పక్క గోడ ఆమెది. నొప్పి తగ్గలేదు, ఆమె కూర్చోలేదు. బదిలీ మీద వచ్చిన ప్రతి అయ్యగారూ మొదటి ఆదివారం బైబిలు మూసి ఆమె వైపు చూసేవారు.

"కానీండయ్యా, ఇంకా కాలా," అనేది.

ఆమె పోయిన తర్వాతి ఆదివారం పాటలయ్యాయి. కూర్చోవాలని నాకు తోచలేదు. అయ్యగారు బైబిలు మూసి నా వైపు చూశారు.

"కానీండయ్యా," అన్నాను.