బావ బల్లకెక్కిన వైరు రంపం

మిట్టమధ్యాహ్నం, మనుషుల్లేని ఊళ్లో, నేనే తాళం వేసిన నా సొంత కొట్టంలోంచి, చనిపోయి నాలుగు నెలలైన మా బావ మూలిగిన సంగతి చెప్తాను. చదివాక మీరు నన్ను భోజనానికి పిలవరు. పిలిచినా మీ పీటలన్నీ ముందే లోపల దాచుకుంటారు.

ఇది జరిగి ఆరేళ్లు. అప్పటికి నాకు అరవై ఒకటి, అంటే ఇంకా బుద్ధి రాని వయసు. బచేలి ఇనుప గనుల్లో ముప్పై ఏళ్లు మోటార్లు బాగుచేసి రిటైరై, మా ఇంటామె పుట్టినూరు తర్లగూడలో ఇల్లు వేసుకున్నాను. పని లేదు, చేతులు ఊరుకోవు. నా చేత్తోనే ఒక ఊగే కుర్చీ చేసుకుని, వరండాలో ఊగుతూ రోడ్డున పోయే లారీలకు వంకలు పెట్టాలని కోరిక. ఊగే కుర్చీకి అడుగున రెండు వంపు చెక్కలుండాలి. వంపు కొయ్యాలంటే జిగ్సా మిషను కావాలి. దాని సన్నటి బ్లేడు కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ ఆడుతుంది, ఎటు తిప్పితే అటు పోతుంది.

గోదావరి వంతెన దాటి, రాష్ట్రం దాటి వరంగల్లు పోయాను. దుకాణదారు బ్యాటరీది ఒకటి, వైరుది ఒకటి ముందు పెట్టి, మా ఊళ్లో కరెంటు ఎట్లా ఉంటుందని అడిగాడు. రెప్ప కొట్టదన్నాను. నిజానికి మా కరెంటు పోయిందంటే రెండ్రోజులు మొహం చూపించదు. కానీ పొరుగు రాష్ట్రంవాడి ముందు ఊరి పరువు తీస్తానా? అయితే వైరుదే తీసుకోండి, బ్యాటరీకి ఛార్జింగు బాధ అన్నాడు. వైరువాటిలో మళ్లీ రెండు రకాలు. ఒకటి మీట నొక్కి పట్టుకున్నంతసేపే ఆడుతుంది. రెండోదానికి పక్కన చిన్న బొత్తాం. మీట నొక్కి, ఆ బొత్తాం కూడా నొక్కామంటే ఇక వేలు తీసినా ఆగదు. "వేలు నొయ్యదు పెద్దాయనా" అన్నాడు. ముప్పై ఏళ్లు మోటార్ల మధ్య బతికినవాణ్ణి, ఏది మంచిదో తెలియదా? తెలుసు. అయినా బొత్తాం ఉన్నదే కొన్నాను. నా వేలి మీద అంత దయ చూపించినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

ఇక కర్ర. ఇక్కడ కొంచెం గొంతు తగ్గిస్తాను. మా బావ, అంటే మా ఇంటామె అన్న, ఆ చలికాలంలో పోయాడు. ఆయన రోజూ కూర్చునే బల్ల ఏగిస కర్రది, రెండు వేళ్ల మందం, అతుకు లేని ఒకే పలక. మా వైపు మనిషి పోతే అతని మంచమో బల్లో బొందలగడ్డకు మోసుకుపోయి, కాళ్లు పైకి పెట్టి వదిలేసి వస్తారు. ఇక అది అతనిదే. చెద తిన్నా సరే, ఎవరూ ముట్టరు. ముట్టినవాడి ఇంట్లో ఊరు అన్నం తినదు.

నేను ముట్టాను. నలుగురు మోసే బల్లను ఒక్కణ్ణే నెత్తిన పెట్టుకుని తెచ్చాను. సరే, ఇద్దరు మోసే బల్ల. అసలు మాట, సైకిలు మీద అడ్డంగా కట్టి తోసుకొచ్చాను. పాత తలుపు చెక్క అని ఇంటామెకు చెప్పాను. "తలుపుకు కాళ్లుంటయా?" అందామె.

అవి తునికాకు కోసే రోజులు. ఊరు ఊరంతా అడవికి పోయింది, మా ఇంటామె కూడా. ఇదే అదనని బల్లను కొట్టంలో ఖాళీ డ్రమ్ము మీదికెక్కించి, మీట నొక్కి, బొత్తాం నొక్కి, కోత మొదలుపెట్టాను. జానెడు తెగిందో లేదో కరెంటు పోయింది. బ్లేడు చెక్కలోనే ఉండిపోయింది. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. ఏగిస పొట్టు చెమటకు తడిస్తే రంగు దిగుతుంది. మోచేతుల దాకా పచ్చగా, శవానికి పసుపు పూసి వచ్చినవాడి చేతుల్లా ఉన్నాయి.

మిషనును అట్లాగే వదిలేసి, తాళం వేసి, వాగుకు పోయి కడిగాను. పోలేదు. వాగు పక్కనే తాటిచెట్లు, వాటి కింద కల్లుగీసే ఆయన నా కోసం పెట్టిపోయిన కల్లు లొట్టి. పైనుంచి పోని రంగు లోపల్నుంచి పోతుందేమోనని లొట్టెడూ తాగాను.

తిరిగొచ్చేసరికి ఊరు ఊరులా లేదు. అన్ని తలుపులకూ గొళ్లాలు. ఎండకు వాకిళ్లన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నా కాళ్ల కింద నా నీడ కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో నా కొట్టంలోంచి దడదడమని మోత. మోత అడుగున, గొంతులో తెమడ అడ్డుపడ్డ మనిషి మూలుగు. బావ చివరి వారమంతా అట్లాగే మూలిగాడు. నలభై కుక్కలు ఊరొదిలి పరుగెత్తాయి. సరే, ఉన్నది ఒకటే కుక్క. అదీ లేవలేదు, చెవులు మాత్రం నిలబెట్టింది.

మిషను గుర్తు రాలేదా అంటారేమో. కరెంటు రావడానికి ఇంకా రెండ్రోజులుందని నా ధీమా. ఖాళీ డ్రమ్ము మోతలో మిషను గొంతు ఆనవాలు పట్టేదెట్లా? కడుపులో కల్లు, చేతులకు పసుపు. మరి తాళంచెవులు? నా మొలతాడుకే వేలాడుతున్నాయి. చెయ్యి అటు పోలేదు.

కొట్టం ముందు బావ భార్య రాజక్క కూర్చునుంది. నన్ను తమ్మి అంటుంది. మోకాళ్ల నొప్పులతో అడవికి పోలేక ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క మనిషి. తడికె సందుకు మొహం ఆనించి, కొంత వాళ్ల దోర్లీ భాషలో, కొంత తెలుగులో లోపలికి మాట్లాడుతోంది. నేను గోడ పక్కకు నక్కాను. డ్రమ్ము మోతలో ఆమె మాటలు సగం సగమే వినబడ్డాయి. ముసలి ఎద్దును అమ్మేసిందట, కోపం చెయ్యొద్దట. ఆమె మాట్లాడుతుంటే లోపలి మూలుగు కాస్త తగ్గుతుంది, వింటున్నట్టు. మళ్లీ హెచ్చుతుంది, జవాబిస్తున్నట్టు. తర్వాత చాలాసేపు ఏదో గొణిగింది, ఒక్క ముక్కా అందలేదు. చివరికి గొంతు పెంచింది.

"నీ బల్ల కనవడుతాంది నాకు. నీ అంతట నువ్వు రాలే, ఎవడో తెచ్చిండు. మా తమ్మి తెచ్చిండా? ఔనంటే ఊకో."

లోపలిది ఊరుకుంది.

మోత లేదు, మూలుగు లేదు. చెట్ల మీద పిట్ట లేదు. అంత నిశ్శబ్దంలో నా మొలతాడుకున్న తాళంచెవులు గలగలమన్నాయి. వణుకుతున్నది నేనే.

"గోడెనక ఎవలు?" అంది రాజక్క, తల తిప్పకుండా.

వెళ్లి కాళ్ల మీద పడ్డాను. బొందలగడ్డ, సైకిలు, ఊగే కుర్చీ, అన్నీ కక్కేశాను. తాళం తీశాను. బల్లలో దిగబడ్డ బ్లేడు, నేలంతా పచ్చటి పొట్టు, నొక్కింది నొక్కినట్టే ఉన్న బొత్తాం. అప్పుడు వెలిగింది నాకు. పోయిన ప్రాణం తిరిగొచ్చి పెద్దగా నవ్వాను.

"బావ గాదక్కా, మిషను. నేను వాగుకు పోయినంక కరెంటు వచ్చింది. ఇప్పుడు పోయింది. అంతే."

రాజక్క నవ్వలేదు. "మిషనే అనుకో. ఇంతసేపటి సంది ఊళ్లె ఒక్కొక్కని పేరు అడుగుతనే ఉన్న తమ్మీ. సర్పంచి కాడ మొదలువెట్టిన. ఎవ్వల పేరుకూ ఆగలే. నీ పేరు కాడికి రాంగనే ఆగింది. కరెంటుకు నువ్వెట్ల ఎరుక?"

ముప్పై ఏళ్లు కరెంటుతో కాపురం చేసినవాణ్ణి, తలొంచుకుని బ్లేడు ఊడదీశాను.

బల్లను సైకిలుకు కట్టి, ఆమె ముందు నడుస్తుంటే వెనక తోసుకుపోయాను. కాళ్లు పైకి పెట్టి, తప్పయింది బావా అన్నాను. వచ్చేటప్పుడు రాజక్కను బతిమాలాను, ఊరికి తెలిస్తే మా ఇంట మంచినీళ్లు కూడా ముట్టరని. నీ సంగతి ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం అడవి నుంచి తిరిగొచ్చిన ప్రతి ఒక్కరూ మా వాకిట్లో ఆగి, నా చేతులకేసి ఒక చూపు చూసి పోయారు. రాజక్క దగ్గరికి పరుగెత్తాను. చెప్పనని మాటిచ్చి చెప్పేస్తావా అని నిలదీశాను.

"నీ పేరు ఏడ ఎత్తిన తమ్మీ?" అంది తాపీగా. "ఏ పాపం ఎరుగనోళ్లను పేరు పేరున దొంగలేమోనని అడిగితిని. ఇంటింటికి పోయి తప్పయిందని ఒప్పుకోవద్దా? ఒప్పుకున్న. ఒక్క మీ ఇంటికే పోలే."

ఊరికి ఒక మేకను కోసి భోజనాలు పెడితే గానీ మళ్లీ మా ఇంట ఎవరూ చెయ్యి కడగలేదు.

కాబట్టి, పోయినవాళ్ల బల్ల మీద చూపు కూడా ఆనించనని, బొత్తామున్న మిషను జోలికి జన్మలో పోనని, ఆ మిషనును ఆ రోజే గోదాట్లో పారేశానని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను.

ఇది రాస్తుంటే బల్బు ఒకసారి మినుకుమంది. సరే, పారెయ్యలేదు. మంచం కింద ఉంది.