పులివెందుల బస్టాండులో లెక్కల టీచరమ్మ

ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వీధిలో, ఒక మేడమీద గదిలో నేను మానసిక చికిత్స మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్లు. గురువారం జమ్మలమడుగు, శనివారం పులివెందుల పోయి వచ్చేదాన్ని. ఒకచోట కుదురుగా ఉండే మనిషిని కాను. ఎదుటివాళ్లు మాట మధ్యలో ఆగితే ఆ మౌనం నాకు ఊపిరాడనిచ్చేది కాదు, వెంటనే ఇంకో ప్రశ్న వేసేదాన్ని.

ఆ టీచరమ్మ జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. రెండేళ్ల కిందట బడికి పోతున్న ఆటోను బండల లారీ గుద్దింది. పక్కన కూర్చున్న తోటి టీచరు అక్కడికక్కడే పోయింది. ఈమెకు గీతైనా పడలేదు. కొన్ని నెలలకు, బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ సుద్దముక్కతో అలాగే నిలబడిపోవడం మొదలైంది. తర్వాత ఏదో బస్సెక్కి, ఏదో ఊళ్లో తేలేది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంట్లోవాళ్లు చర్చిలో ప్రార్థనలు చేయించారు. పక్కింటివాళ్లు గాలి సోకిందన్నారు, గండి ఆంజనేయస్వామి గుడికి తీసుకుపొమ్మన్నారు. చివరికి భర్త నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. భరించలేనిది ఎదురైనప్పుడు మనసు మనల్ని అక్కడినుంచి తప్పిస్తుంది. ఆపద పోయినా ఆ అలవాటు పోదు," అని చెప్పాను.

"అయితే నా మనసుకు తెలివి ఉన్నట్టే గదా మేడం," అని నవ్వింది.

మూడోసారి వచ్చినప్పుడు తనే మొదలుపెట్టింది. "ఆ పొద్దు ఆటో ఎక్కేటప్పుడు నేను ఆమెతో..." అని ఆగింది.

నిమిషమైనా ఆగలేకపోయాను. "ఏమన్నారు? ఆమెతో ఏమన్నారు?"

కళ్లు నావైపే ఉన్నాయి, చూపు లేదు. పేరు పెట్టి పిలిచినా పలకలేదు. చాలాసేపటికి, "వాన పడిందా మేడం?" అంది. బయట ఎండ మండిపోతోంది. ఆమెను ఇంకాసేపు కూర్చోబెట్టాల్సింది. తర్వాతివాళ్లు ఎదురుచూస్తున్నారని పంపేశాను.

కాసేపటికి భర్త మెట్లెక్కి వచ్చాడు. "ఆమె ఈడనే ఉందా మేడం? కింద యాడా కనపడల్యా."

ఫోను చేస్తే ఎత్తలేదు. ప్రొద్దుటూరు బస్టాండంతా వెతికాం. సాయంత్రం ఆమె ఫోను నుంచే ఒక బస్సు కండక్టరు భర్తతో మాట్లాడాడు. పులివెందుల బస్టాండులో ఉందట. కారులో నేనూ వెళ్లాను. దారిపొడవునా అతను ఆమె ఫోనుకు మళ్లీ మళ్లీ కలుపుతూనే ఉన్నాడు. నన్ను తిట్టినా బాగుండేదనిపించింది.

సిమెంటు బల్లమీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "మీకు శానా తొందర మేడం," అంది.

"అవునమ్మా. తప్పు నాదే."

మళ్లీ వస్తుందనుకోలేదు. రెండు వారాలు ఏ పనిమీదా మనసు నిలవలేదు. మూడోవారం వచ్చింది, ఒక షరతుతో. తను చెయ్యెత్తితే నేను ప్రశ్న ఆపాలి. మనసు అలా తప్పుకున్నప్పుడు తిరిగి రావడం ముందుగా నేర్చుకుంది: పాదాలు బండకు ఆనించడం, వీధిలో వినిపించే చప్పుళ్లు ఒక్కొక్కటీ చెప్పడం. నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం తనే చెప్పింది.

"ఎండ కొడతాందని, నువ్వు ఆ పక్క కూచో అంటి. నేను నీడన కూచుంటి. లారీ ఆ పక్కనే గుద్దింది. అంతే మేడం."

ప్రశ్న నా గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఆమె చాలాసేపు ఏడ్చింది, మనసు ఎటూ పోకుండా గదిలోనే ఉండి.

జూన్‌లో మళ్లీ బడికి పోయింది. ఆటో ఎక్కదు, బస్సే. ఒకసారి వేరే స్టాపులో దిగింది గానీ, ఎక్కడుందో తెలుసుకుని భర్తకు తనే ఫోను చేసింది. ఆ తర్వాత, నాకు చెప్పకుండానే, చనిపోయినామె తల్లి ఇంటికి పోయి సంగతంతా చెప్పేసింది.

"ఏమీ అనల్యా మేడం. అన్నం పెట్టింది. క్షమించిందో ల్యాదో తెల్దు. ఆదివారం మళ్లా రమ్మనింది."

ఆ ఆదివారమంతా, ఆమె మళ్లీ ఏ ఊళ్లో తేలుతుందోనని, ఫోను చేతిలో పట్టుకుని ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను. మోగలేదు. సోమవారం బడినుంచి చేసింది. పిల్లల గోలలో ఆమె మాటలు సగమే వినపడ్డాయి. ఆ తల్లి ఇంటికి పోయొచ్చిందని మాత్రం తెలిసింది, మిగతాది నేను అడగలేదు.